మెడలో కొట్టుకునే గడ్డ: కోయాలా, వదిలేయాలా?

దేవరకొండ దగ్గరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అక్కకు 34 ఏళ్లు. ఎడమ దవడ కింద, మెడ పక్కన ఒక గడ్డ అయిదేళ్లుగా నిదానంగా పెరిగి ఇప్పుడు నిమ్మకాయంత అయింది. నొప్పి లేదు, జ్వరం లేదు. మొదట్లో టీబీ గడ్డ అని చెప్పి, ఏ పరీక్షా చేయకుండానే ఆరు నెలలు మందులు మింగించారు. గడ్డ ఏమాత్రం తగ్గలేదు. ఇప్పుడు తీసిన స్కానింగ్‌లో ‘కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట, రక్తప్రసారం ఎక్కువగా ఉన్న గడ్డ’ అని రిపోర్టు వచ్చింది. ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ అన్నారట, ఇంకొకరు దాని జోలికే పోవద్దన్నారట. కత్తి తగిలితే క్యాన్సర్ అవుతుందని అమ్మ భయం. పక్షవాతం వస్తుందని బావ భయం. చివర్లో, మాటవరసకు అన్నట్టు, ‘మా నాన్నకు కూడా మెడలో ఇట్లాంటి గడ్డే ఉండేది, ఆయన ఎన్నడూ చూపించుకోలేదు’ అని కూడా రాశారు. ఆ చివరి మాట దగ్గరికి తప్పకుండా వస్తాను.

నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా నల్లగొండలోనే ప్రాక్టీసు. మెడ గడ్డలు నా పనిలో పెద్ద భాగం. ముందు సూటిగా జవాబు చెబుతాను.

మీరు రాసినదాన్ని బట్టి ఇది చాలావరకు కెరోటిడ్ బాడీ ట్యూమర్ అయి ఉంటుంది. నూటికి తొంభైకి పైగా ఇవి క్యాన్సర్ కావు. మీ అక్క వయసుకు, ఆ సైజుకు ఆపరేషన్ చేయించుకోవడమే మంచిది. కానీ రేపే పరుగెత్తాల్సిన పని లేదు. రెండు మూడు నెలల్లో, అన్ని పరీక్షలూ అయ్యాక, రక్తనాళాల సర్జన్ ఉన్న చోట చేయించండి. అప్పటిదాకా ఆ గడ్డలో ఎవరినీ సూది గుచ్చనివ్వకండి, ముక్క తీయనివ్వకండి.

ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారని బాధపడకండి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. గడ్డ ఎప్పటికైనా ఇబ్బంది పెడుతుందన్నది మొదటాయన మాట. తొందరపడి చేయి పెడితే ప్రమాదమన్నది రెండో ఆయన మాట.

ఇక ఈ గడ్డ ఏమిటో చెబుతాను. గొంతు ముందు పొడుచుకొచ్చినట్టు ఉండే ఎముకలాంటి భాగాన్ని వేలితో పట్టుకుని, అక్కడి నుంచి పక్కకు రండి. లోపల నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. అది కెరోటిడ్ ధమని. సుమారుగా ఆ ఎత్తులోనే అది రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ మెదడుకు పోతుంది, రెండోది ముఖానికి, నాలుకకు, తలపైకి పోతుంది. చెట్టు కొమ్మ చీలిన చోట పిట్ట కూర్చున్నట్టు, ఆ చీలిక దగ్గర బియ్యపు గింజంత కణజాలం ఒకటి ఉంటుంది, దాన్నే కెరోటిడ్ బాడీ అంటారు. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే పసిగట్టి ఊపిరి వేగం పెంచమని మెదడుకు చెప్పడం దాని పని. ఈ పని కనిపెట్టినందుకే బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హేమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లాంటి ఎత్తైన చోట్ల, గాలి పలుచగా ఉండే ప్రాంతాల్లో బతికేవాళ్లలో ఇది ఉబ్బడం, గడ్డ కావడం ఎక్కువ. మన దేవరకొండ గుట్టలు ఆ లెక్కలోకి రావు. కాబట్టి మన ప్రాంతంలో ఇలాంటి గడ్డ కనిపిస్తే నాకు మొదట వచ్చే ఆలోచన వేరు. దాని గురించి చివర్లో చెబుతాను.

ఆ బియ్యపు గింజ పెరుగుతూ పోతే ఏమవుతుంది? రెండు కొమ్మల మధ్యలో పుట్టింది కాబట్టి ఆ రెండింటినీ విడదీస్తుంది. పెరిగే కొద్దీ వాటిని చుట్టేసుకుంటుంది. 1971లో షాంబ్లిన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని మూడు మెట్లుగా విడగొట్టారు, ఇప్పటికీ అందరం అదే వాడతాం. మొదటి మెట్టులో గడ్డ నాళాలకు ఆనుకుని ఉంటుంది, తేలిగ్గా వదిలేస్తుంది. రెండో మెట్టులో సగం చుట్టి ఉంటుంది. మూడో మెట్టులో ధమని గడ్డ కడుపులోంచి దూరి పోతున్నట్టు ఉంటుంది. నిమ్మకాయంత ఉన్నప్పుడు మొదటి, రెండో మెట్లలో ఉండే అవకాశం ఎక్కువ. బత్తాయంత అయ్యాక వచ్చేవాళ్లలో మూడోదే ఎక్కువగా చూశాను. సైజు ఒక్కటే అంతా చెప్పదు, సీటీ చూస్తేనే తెలుస్తుంది. అయినా ‘ఇన్నాళ్లు ఉంది, ఇంకో పదేళ్లు ఉండనీ’ అనే మాటను మీ అక్క వయసు వాళ్ల విషయంలో నేను ఒప్పుకోనిది ఇందుకే. ఈ గడ్డ ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది, చాలామందిలో అంతే. కానీ ముందు ఇంకా నలభై ఏళ్ల జీవితం ఉంది. ఇప్పుడు మూడు గంటల్లో అయ్యే పని, తర్వాత ధమనినే కోసి కాలి సిరతో అతుకు వేసే పని కాకూడదు.

అదే 75 ఏళ్ల పెద్దాయనకు ఇదే సైజు గడ్డ ఉంటే నేను కత్తి పట్టను. ఏడాదికోసారి స్కాన్ చేసి చూస్తూ ఉంటాను. పెరుగుతుంటే రేడియేషన్ ఇప్పిస్తాను. దానితో గడ్డ మాయం కాదు కానీ చాలామందిలో పెరుగుదల ఆగుతుంది.

చేతితో ఎలా పోలుస్తాం

ఈ గడ్డకు ఒక గుణం ఉంది. రెండు వేళ్లతో పట్టుకుంటే ముందుకీ వెనక్కీ, అంటే గొంతు వైపుకీ మెడ వెనక వైపుకీ కదులుతుంది. పైకీ కిందికీ కదలదు. నిలువుగా పోయే ధమనికి అంటుకుని ఉంది కదా, కొట్టంలో గుంజకు కట్టిన ముడిలాగా. చేయి పెడితే గుండెతో పాటు కొట్టుకుంటుంది. కొన్నిసార్లు స్టెతస్కోపు పెడితే సుయ్ మని చప్పుడు వినిపిస్తుంది. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు, అర నిమిషం పడుతుంది. మెడ గడ్డతో వచ్చిన ప్రతి ఒక్కరికీ సూది పరీక్ష రాసే ముందు ఈ అర నిమిషం పెట్టాలని నేను నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు గట్టిగా చెబుతాను. మీరు మాత్రం ఇంట్లో గట్టిగా నొక్కి చూడకండి. ఆ చోట ఒత్తితే కొందరికి గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి.

నేను పీజీ చదివే రోజుల్లో ఒక ఆసుపత్రిలో జరిగింది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. లింపు గడ్డ, అంటే వాచిన లింఫ్ గ్రంథి అనుకుని, మత్తు సూది అక్కడికక్కడ ఇచ్చి, ముక్క తీయడానికి కోత పెట్టాం. స్కాన్ లేదు. అప్పట్లో అంత తేలిగ్గా రాసేవాళ్లు కాదు. గడ్డ పైపొర కోయగానే రక్తం ఎగజిమ్మింది. మా సీనియర్ అరగంట పాటు వేలితో అదిమి పట్టుకుని నిలబడ్డారు, ఆలోగా పెద్ద థియేటర్ సిద్ధం చేశారు. ఆయన వేలు తీయకుండా నిలబడినందువల్ల ఆ మనిషి బతికాడు. కానీ నాలుక ఒక పక్కకు వంకరపోయి అలాగే ఉండిపోయింది. అంత రక్తంలో నాలుకను కదిలించే నరం ఎక్కడుందో కనపడలేదు. ఆ గడ్డ కెరోటిడ్ బాడీ ట్యూమరే. ఆ రోజు నుంచి, మెడలో ఏ గడ్డనైనా అది దేన్ని ఆనుకుని ఉందో తెలియకుండా నేను ముట్టుకోలేదు.

సన్న సూది పరీక్ష, అంటే ఎఫ్‌ఎన్‌ఏసీ, దీనికి పొరపాటున చేసినా చాలాసార్లు ఉత్త రక్తమే వస్తుంది, ప్రాణాపాయం అరుదు. ఇప్పటికే చేయించి ఉంటే భయపడకండి. కోసి ముక్క తీయడం మాత్రం నిజంగా ప్రమాదం.

టీబీ మందుల సంగతి

మన దగ్గర మెడలో గడ్డ అంటే ఎవరికైనా ముందు టీబీయే గుర్తుకొస్తుంది. అది తప్పు ఆలోచన కాదు, నా ఓపీలో మెడ గడ్డల్లో చాలావరకు లింపు గడ్డలే, వాటిలో టీబీ బాగా కనిపిస్తుంది. పాతకాలంలో గండమాల అన్నది ఎక్కువగా ఇదే. తప్పల్లా పరీక్ష లేకుండా మందులు మొదలుపెట్టడమే. లింపు గడ్డ అయితే ముందు అల్ట్రాసౌండ్, ఆ తర్వాత సూది పరీక్ష, అందులోంచి వచ్చిన నీటిని టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు పంపడం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితమే, టీబీ అని తేలితే మందులూ ఉచితమే. టీబీ మందులకు కాలేయాన్ని దెబ్బతీసే గుణం ఉంది. లేని జబ్బుకు ఆరు నెలలు మింగారు కాబట్టి, ఆపరేషన్ ముందు చేసే రక్తపరీక్షల్లో మీ అక్కకు కాలేయం పరీక్ష కూడా ఉండేలా చూడండి. చాలా మటుకు బాగానే ఉంటుంది, అయినా చూడాలి.

ఇప్పుడు చేయించాల్సిన పరీక్షలు

మొదటిది సీటీ యాంజియోగ్రామ్. రంగు మందు ఎక్కించి రక్తనాళాలను చూసే సీటీ అన్నమాట. రెండు కొమ్మలు వీణ ఆకారంలో విడిపోయి, మధ్యలో మెరుస్తున్న గడ్డ కనిపిస్తే ఇక ముక్క పరీక్ష అక్కర్లేదు, ఆ బొమ్మే నిర్ధారణ. గడ్డ పైచివర పుర్రె అడుగుకు ఎంత దూరంలో ఉందో కూడా అందులోనే తెలుస్తుంది. ఆ దూరం తక్కువైతే ఆపరేషన్ కష్టం పెరుగుతుంది. ఎంఆర్‌ఐ కూడా తీస్తే ఉప్పూ మిరియాల పొడీ కలిపి చల్లినట్టు కనిపిస్తుంది. ఆ నల్ల చుక్కలు గడ్డలో వేగంగా రక్తం పారే నాళాలు. రెండో వైపు మెడ కూడా స్కాన్‌లో ఉండాలి. కొందరికి రెండు వైపులా ఉంటాయి, ఒకటే పైకి తెలుస్తుంది.

రెండోది 24 గంటల మూత్రంలో గానీ, రక్తంలో గానీ మెటానెఫ్రిన్ల పరీక్ష. ఈ జాతి గడ్డలు కొన్ని అడ్రినలిన్ లాంటి రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. మెడలో పుట్టినవాటిలో ఇది తక్కువే. కానీ ఉందని తెలియకుండా మత్తు ఇస్తే టేబుల్ మీద బీపీ ఆకాశానికి అంటుతుంది. మీ అక్కకు ఉన్నట్టుండి తలనొప్పి, చెమటలు, గుండెదడ కలిసి వస్తాయా అని అడగండి. వస్తాయంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం. రసాయనాలు ఎక్కువగా ఉంటే ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజులు బీపీని అదుపు చేసే ప్రత్యేక మందులు వాడి అప్పుడే థియేటర్‌కు తీసుకెళ్తారు.

మూడోది డోటాటేట్ పెట్ సీటీ. ఒళ్లంతటిలో ఇలాంటి గడ్డలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని చూపిస్తుంది. హైదరాబాద్‌లో చేస్తారు. ఖరీదైన పరీక్ష. అందరికీ రాయను. మీ ఇంటి విషయంలో మాత్రం రాస్తాను.

ఆపరేషన్‌లో ఏం జరుగుతుంది

కొంతమందికి ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు, తొడ దగ్గరి ధమనిలోంచి సన్న గొట్టం పంపి గడ్డకు రక్తం ఇచ్చే కొమ్మలను మూసేస్తారు. పెద్ద గడ్డలకు దీనివల్ల రక్తం పోవడం తగ్గుతుంది. చిన్నవాటికి అవసరమా అనేదానిపై సర్జన్లలో ఏకాభిప్రాయం లేదు. నేను నాలుగైదు సెంటీమీటర్లు దాటినవాటికే అడుగుతాను.

పూర్తి మత్తు ఇచ్చాక మెడ ముడత వెంబడి కోత. గడ్డను ముట్టుకునే ముందు ధమని మొదలుకీ, రెండు కొమ్మలకీ మెత్తని రబ్బరు తాళ్లు చుట్టి పెడతాం. ఎక్కడ రక్తం చిమ్మినా తాడు బిగించి ఆపడానికి. ఆ తర్వాత నరాలను వెతికి పక్కకు పెడతాం. ఇక్కడ ఒక మాట. మనం మామూలుగా నరం అనే మాటను రక్తనాళానికీ వాడతాం, కదలికను, స్పర్శను మోసే తీగకూ వాడతాం. ‘నరం తెగితే’ అని బావ భయపడుతున్నది ఏ నరం గురించో అడిగి తెలుసుకోండి. పక్షవాతం భయం రక్తనాళం గురించి. గొంతు, నాలుక భయం తీగల్లాంటి నరాల గురించి. రెండు వేరువేరు ప్రమాదాలు, రెండింటికీ వేరువేరు జాగ్రత్తలు.

గడ్డకూ ధమనికీ మధ్య తెల్లని గీతలా ఒక పొర ఉంటుంది. ధమని బయటి పొర కిందుగా ఆ గీతను పట్టుకుని మిల్లీమీటరు మిల్లీమీటరుగా విడదీస్తూ పోవాలి. లోతుకు పోతే ధమని చిరుగుతుంది, పైపైన పోతే గడ్డలోంచి రక్తం ఊరుతూనే ఉంటుంది. తొందర పనికిరాని పని ఇది. చిన్న గడ్డలకు పక్షవాతం ప్రమాదం చాలా తక్కువ. మూడో మెట్టు గడ్డలకే అది నిజమైన భయం, అప్పుడే రక్తనాళాల సర్జన్ పక్కన ఉండటం ప్రాణం నిలబెడుతుంది. కాలి సిర తీసి ధమనికి అతుకు వేయడం ఆయన పని. నా కేసుల్లో ఆయన అవసరం పడింది కొద్దిసార్లే. కానీ ఆయన లేని చోట నేను ఒక్కటి కూడా చేయలేదు. నల్లగొండలో థియేటర్ ఉండి కూడా ఈ ఆపరేషన్లకు పేషెంట్లను వెంటబెట్టుకుని హైదరాబాద్ పోతాను.

నరాల విషయంలో దాపరికం లేకుండా చెప్పాలి. ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువగా వచ్చే ఇబ్బంది పక్షవాతం కాదు, గొంతు బొంగురుపోవడం, నీళ్లు తాగితే దగ్గు రావడం, నాలుక ఒక పక్కకు పోవడం, కింది పెదవి మూల కాస్త జారడం. ఇవి గడ్డ సైజును బట్టి ఉంటాయి. నరం తెగకుండా, జరపడం వల్ల సొమ్మసిల్లినట్టు అయితే వారాల నుంచి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. తెగితే రాదు. గొంతు తిరిగి రాకపోతే స్వరతంత్రిని మధ్యకు జరిపే చిన్న ఆపరేషన్ ఉంది, మాట మళ్లీ వినపడేలా అవుతుంది.

ఇంకొకటి ఉంది, దీన్ని ముందుగా ఎవరూ చెప్పరు. కొందరికి ఆపరేషన్ అయ్యాక తిండి మొదటి ముద్ద నోట్లో పెట్టగానే దవడ దగ్గర కరెంటు షాకులా నొప్పి లేస్తుంది. రెండో ముద్దకు తగ్గుతుంది, నాలుగో ముద్దకు ఉండదు. మళ్లీ పూట మొదటి ముద్దకు వస్తుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి దీనివల్ల జొన్న రొట్టె ముట్టడమే మానేసి బక్కచిక్కిపోయింది. గడ్డ మళ్లీ వచ్చిందేమోనని లోలోపల కుమిలిపోయింది, ఎవరికీ చెప్పలేదు. అది గడ్డ కాదమ్మా, లాలాజల గ్రంథికి పోయే సన్న నరాలు కదిలినందువల్ల వచ్చే నొప్పి, నెలల మీద తగ్గుతుంది అని చెప్పాక ఆమె ముఖంలో వచ్చిన ఊరటను చూసి, ముందే చెప్పి ఉండాల్సింది కదా అని నా మీద నాకే కోపం వచ్చింది. అప్పటి నుంచి అందరికీ ముందే చెబుతున్నాను.

కత్తి తగిలితే క్యాన్సర్ అవుతుందన్న అమ్మ మాటకు జవాబు: కాదు. కత్తి వల్ల మామూలు గడ్డ క్యాన్సర్‌గా మారదు. ఆలస్యంగా వచ్చి, ఆపరేషన్ చేసేసరికే పాకిపోయిన క్యాన్సర్లను చూసి పెద్దవాళ్లు అలా అనుకున్నారు. అమ్మను కూర్చోబెట్టి ఈ మాట నిమ్మళంగా చెప్పండి. ఇంకో సంగతి, ఈ జాతి గడ్డను మైక్రోస్కోపు కింద చూసి మంచిదా చెడ్డదా తేల్చలేం. లింపు గడ్డలకో, ఎముకకో, ఊపిరితిత్తులకో పాకితేనే క్యాన్సర్ అంటాం. అందుకే తీసేశాక కూడా ఏళ్ల తరబడి ఏడాదికోసారి చూపించుకోవాలి. అది మానకూడదు.

అన్ని గడ్డలకూ ఇదే జవాబు కాదు

ఈ జవాబు చదివేవాళ్లలో వేరే గడ్డలున్నవాళ్లు ఉంటారు కాబట్టి నాలుగు మాటలు.

సుమారుగా ఇదే చోట వేగస్ నరం మీద పుట్టే గడ్డ, ష్వానోమా అంటారు, చూడటానికి ఇలాగే ఉంటుంది. నొక్కితే ఉన్నట్టుండి పొడి దగ్గు తెర లేస్తుంది, అది దాని గుర్తు. కెరోటిడ్ బాడీ గడ్డ రెండు ధమని కొమ్మలను విడదీస్తే, ఇది ధమనికీ పక్కన ఉండే పెద్ద సిరకూ మధ్యలో చేరి ఆ రెండింటినీ విడదీస్తుంది. తీస్తే గొంతు పోయే అవకాశం గట్టిగా ఉంది, ఎందుకంటే గడ్డ పుట్టిందే గొంతును కదిలించే నరంలో. నా దగ్గరికి ఒగ్గు కథ చెప్పే కళాకారుడు ఒకాయన వచ్చారు, సూర్యాపేట వైపు మనిషి. మూడు సెంటీమీటర్ల గడ్డ. రాత్రంతా మైకు లేకపోయినా ఊరి చివరి దాకా వినిపించే గొంతు ఆయనది, అదే ఆయన బువ్వ. తీయమని చుట్టాలంతా పట్టుబట్టారు. నేను వద్దన్నాను. ఆరేళ్లుగా ఏడాదికోసారి ఎంఆర్‌ఐ తీస్తున్నాం, గడ్డ రవ్వంతే పెరిగింది. ఆయన ఇంకా కథ చెబుతున్నారు. ఎప్పుడైనా మింగడం కష్టమైతే, గడ్డ వేగంగా పెరిగితే అప్పుడు తీస్తాం, అదీ పొర కోసి లోపలి గడ్డను మాత్రం ఒలిచినట్టు తీసి నరం పోగులను కాపాడుకునే పద్ధతిలో.

యువకుల్లో మెడ పక్కన నీటి సంచిలా మెత్తగా ఉండే గడ్డ బ్రాంకియల్ సిస్ట్ కావచ్చు. గర్భంలో పిండానికి ఏర్పడే మడతలు పూర్తిగా మాయం కాక మిగిలిపోయినది. జలుబు చేసినప్పుడల్లా ఉబ్బుతుంది. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన డిగ్రీ చదివే కుర్రాడికి దీన్ని చీము గడ్డ అనుకుని ఊళ్లో మూడుసార్లు చీల్చారు. నాకు చేరేసరికి మెడ మీద మానని రంధ్రం, చుట్టూ గట్టిపడిన మచ్చ. మొదటే తీసి ఉంటే గంటన్నర పని. అది నాలుగు గంటలు పట్టింది, దారి టాన్సిల్ దాకా పోయింది మరి.

నలభై దాటినవాళ్లకు మెడలో కొత్తగా నీటి గడ్డ వస్తే మాత్రం అది పుట్టుకతో వచ్చిన సంచి అని ఎవరు చెప్పినా వెంటనే నమ్మకండి. టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో, థైరాయిడ్‌లోనో ఉన్న చిన్న క్యాన్సర్ లింపు గడ్డలోకి పాకి అచ్చం అలాగే నీటి సంచిలా కనిపిస్తుంది. ఇక్కడ సూది పరీక్ష తప్పనిసరి, గొంతులో కెమెరాతో చూడటం తప్పనిసరి. చుట్టలు తాగే 55 ఏళ్ల రైతు ఒకాయనకు ‘మామూలు సిస్టే’ అని ఏడాది గడిపేశారు. ఆ ఏడాది ఆయనకు చాలా ఖరీదైంది.

పిల్లల్లో మెడ మధ్యలో ఉండి, నాలుక బయటికి చాపితే పైకి లేచే గడ్డ థైరోగ్లోసల్ సిస్ట్. దీనికి గడ్డ ఒక్కటే తీస్తే చాలా ఎక్కువ మందికి మళ్లీ వస్తుంది. 1920లో సిస్ట్రంక్ అనే సర్జన్ చెప్పినట్టు, నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముక మధ్య భాగాన్నీ, నాలుక వైపు పోయే దారినీ కలిపి తీయాలి. తీసే ముందు అల్ట్రాసౌండ్‌లో థైరాయిడ్ దాని చోట అది ఉందో లేదో చూడాలి. అరుదుగా ఆ గడ్డలో ఉన్నదే ఆ బిడ్డకున్న ఏకైక థైరాయిడ్.

చెవి కింద గట్టిగా, నొప్పి లేకుండా పెరిగేది చాలాసార్లు పెరోటిడ్ అనే లాలాజల గ్రంథిలోని ప్లియోమార్ఫిక్ అడినోమా, క్యాన్సర్ కాని గడ్డ. దీని గురించి రాస్తే ఇంకో పెద్ద జవాబు అవుతుంది. ఇక్కడ ఒక్కటి మాత్రం చెప్పాలి, మన జిల్లా సంగతి కాబట్టి. మర్రిగూడ వైపు నుంచి 60 ఏళ్ల ఆమె ఈ గడ్డతో వచ్చింది. ఆపరేషన్ తేలికే. కానీ చిన్ననాటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వెన్నుపూసలు బిగుసుకుపోయి ఆమె మెడ వెనక్కి వంగలేదు. మత్తు ఇచ్చి శ్వాసగొట్టం వేయాలంటే మెడ వంగాలి. బలవంతంగా వంచితే వెన్నుపాము దెబ్బతింటుంది. మెలకువగా ఉండగానే గొంతు మొద్దుబారే మందు కొట్టి, ముక్కులోంచి సన్న కెమెరా గొట్టం మీదుగా శ్వాసగొట్టం వేసి అప్పుడు మత్తు ఇచ్చాం. నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాల నుంచి వచ్చే ఎవరికైనా మెడ, నడుము పట్టేసి ఉంటే ఆ సంగతి మత్తు డాక్టర్‌కు ముందు రోజే చెప్పండి. హైదరాబాద్ డాక్టర్లకు ఇది తట్టకపోవచ్చు.

ఎక్కడ చేయించాలి

పరీక్షల మొదటి భాగం నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోని ఈఎన్‌టీ విభాగంలో మొదలుపెట్టవచ్చు. ఆపరేషన్‌కు మాత్రం తల, మెడ సర్జన్, రక్తనాళాల సర్జన్, ఐసీయూ, రక్తనిధి ఒకే కప్పు కింద ఉన్న చోటికి వెళ్లండి. హైదరాబాద్‌లోని నిమ్స్ అలాంటిది. ఏ ఆసుపత్రికి పోయినా ‘ఇలాంటివి మీరు ఎన్ని చేశారు, రక్తనాళాల సర్జన్ ఆ రోజు ఉంటారా’ అని అడగండి. మంచి సర్జన్‌కు ఈ ప్రశ్నకు కోపం రాదు. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షలు. మీ ఆపరేషన్ అందులో ఏ ప్యాకేజీ కింద వస్తుందో ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే అడగండి. పాత స్కాన్ రిపోర్టులు మాత్రమే కాదు, ఫిల్ములూ సీడీలూ తీసుకెళ్లండి. మేం చూసేది బొమ్మలు.

ఇక మీ నాన్నగారి సంగతి.

మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన వాక్యం అదే. ఈ గడ్డలు వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఇది వంశంలో వచ్చే లోపం వల్ల వస్తుంది. అందులో ముఖ్యమైన జన్యువు ఎస్‌డీహెచ్‌డీ. దీని నడక చిత్రంగా ఉంటుంది. లోపం తండ్రి నుంచి వస్తే గడ్డలు వస్తాయి. తల్లి నుంచి వస్తే లోపం ఒంట్లో ఉన్నా గడ్డలు దాదాపు రావు, కానీ అది తర్వాతి తరానికి పోగలదు. నాన్నకు గడ్డ, కూతురికి గడ్డ అంటే నేను మొదట దీన్నే అనుమానిస్తాను. ఎస్‌డీహెచ్‌బీ అనే ఇంకో జన్యువులో లోపమైతే గడ్డ పాకే ప్రమాదం ఎక్కువ. అందుకే మీ అక్కకు జన్యు పరీక్ష రాయమని డాక్టర్‌ను మీరే అడగండి. రక్తం ఇస్తే చాలు. రెండో వైపు మెడ, డోటాటేట్ స్కాన్ అని పైన పట్టుబట్టింది కూడా ఇందుకే. రెండు వైపులా ఉంటే రెండూ ఒకేసారి తీయకూడదు. ఒకటి తీసి, నరాలు ఎలా ఉన్నాయో చూసి, నెలల తర్వాత రెండోదాని గురించి ఆలోచించాలి. రెండు వైపులా తీశాక కొందరికి బీపీని నిలకడగా ఉంచే శక్తి పోతుంది.

అక్కలో లోపం తేలితే, ఆమె పిల్లలు ఎస్‌డీహెచ్‌డీ విషయంలో గడ్డల నుంచి చాలావరకు క్షేమం, ఎందుకంటే వాళ్లకు అది తల్లి నుంచి వస్తుంది. మీరు మగవారు. మీలో ఉంటే మీకూ గడ్డ రావచ్చు, మీ పిల్లలకూ రావచ్చు. మీ అన్నదమ్ములదీ ఇదే లెక్క, అక్కచెల్లెళ్లు ఇంకా ఉంటే వాళ్లది అక్క లెక్కే. ఇప్పటికి మీరు చేయాల్సింది చిన్న పనే. అక్కను తీసుకెళ్లిన రోజే మీ మెడ రెండు వైపులా డాప్లర్ అల్ట్రాసౌండ్ తీయించుకోండి, పది నిమిషాల పని. నాన్నగారి పాత ఫోటోల్లో మెడ కనిపించేవి ఉంటే అవి కూడా ఫోన్‌లో పెట్టుకుని డాక్టర్‌కు చూపించండి. గడ్డ ఎటువైపు ఉండేదో, ఒక్కటేనా రెండా, గొంతు బొంగురుగా ఉండేదా, ఉన్నట్టుండి చెమటలు పట్టేవా అని అమ్మను అడిగి రాసుకోండి. ఇవన్నీ ఇప్పుడు చెప్పగలిగింది ఆమె ఒక్కరే.